ర్యాంకు పరీక్షలు: ఒకే లెక్కకు పలు సమాధానములు

కర్నూలు, కడప సీమలలో వానను గూర్చి మాటలాడు రైతు సగటును నమ్మడు. ఈ ప్రాంతమున ఏటి సగటు వర్షము సుమారు 600 నుండి 700 మిల్లీమీటర్లని లెక్కలు చెప్పును. కాని ఆ సగటునకు సరిగా కురిసిన సంవత్సరములు అరుదు. ఒక యేడు విత్తనము వేయుటకు పదును చాలదు. మరియొక యేడు ఒక వాయుగుండము వచ్చి, ఏడాదిలో కురియవలసిన వానలో చాల భాగమును మూడు నాలుగు దినములలో కుమ్మరించి పోవును. 2009వ సంవత్సరమే ఇందుకు సాక్ష్యము. ఆ యేడు దేశము మొత్తముమీద నైరుతి ఋతుపవన వర్షము సాధారణము కంటె 22 శాతము తగ్గినది. అట్టి కరవు యేటనే అక్టోబరు 2వ తేదీన తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరము నీట మునిగినది. 2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లాలో చెయ్యేటిమీది అన్నమయ్య జలాశయపు కట్ట తెగి ఊళ్లు కొట్టుకొనిపోయినవి.

ఇట్టి సంఖ్యలకు సగటు తీసినచో ఒక్క పెద్ద సంఖ్య తక్కిన వానినన్నిటిని తన వైపునకు లాగుకొనును. ఈ చిక్కును తప్పించుకొనుటకు సాంఖ్యక శాస్త్రజ్ఞులు ఒక ఉపాయమును కనుగొనిరి. సంఖ్యల పరిమాణమును ప్రక్కకు పెట్టి, వాని వరుసను మాత్రమే చూచుట ఆ ఉపాయము. మిక్కిలి చిన్న సంఖ్యకు 1, దాని తరువాతి దానికి 2, ఆ పైదానికి 3, ఈ విధముగా ర్యాంకులు వేసి, ఆ ర్యాంకులతోనే తీర్పు చెప్పుదురు. బడిలో పిల్లల మార్కులకు ర్యాంకులు వేయుట అందరును ఎరిగినదే. సంఖ్యలు ఏ విభాజనమునకు చెందినవో, ఆ విభాజనమునకు గల పరామితులు ఏవో ముందుగా ఊహింపనక్కర లేదు గనుక వీనిని అపరామితీయ పరీక్షలని కూడ అందురు.

ఇంత సులభమైన లెక్కను నేటి కంప్యూటరు సాఫ్టువేరులు నాలుగింటికి అప్పగించినచో నాలుగు సమాధానములు వచ్చుట కలదు. ఒకటి ‘భేదము కలదు’ అనును. మరియొకటి ‘భేదము రుజువు కాలేదు’ అనును. ఒక కొత్త విత్తనమును మెట్ట రైతునకు సిఫారసు చేయవలెనా వద్దా, వానలు తగ్గుచున్నవని చెప్పవచ్చునా కాదా అను ప్రశ్నలు ఈ సమాధానములపై ఆధారపడినప్పుడు, ఇది పండితుల వాదముగా మాత్రమే మిగులదు. ఈ భేదములు ఎట్లు పుట్టినవో తెలియవలెనన్న ఈ పరీక్షల చరిత్రను కొంత చూడవలెను.

వరుసను బట్టి తీర్పు

పరిమాణమును కొలువక వరుసను బట్టి నిర్ణయించుట చాల పాతది. 1710లో జాన్ ఆర్బత్‌నాట్ అను స్కాట్లండు వైద్యుడు లండను నగరపు 82 సంవత్సరముల జ్ఞానస్నానపు లెక్కలను పరిశీలించెను. ప్రతి సంవత్సరమును మగశిశువుల సంఖ్యయే ఎక్కువగా ఉన్నట్లు ఆయన చూచెను. ఎంత ఎక్కువ అను దానిని ఆయన లెక్కింపలేదు. ఎక్కువా తక్కువా అను గుర్తును మాత్రమే చూచెను. ఆడ మగ సమానావకాశముతో పుట్టుచున్నచో వరుసగా 82 సార్లు ఒకే గుర్తు వచ్చుట దాదాపు అసంభవమని నిరూపించెను. నేడు దీనినే గుర్తుల పరీక్ష అనుచున్నారు.

1904లో చార్లెస్ స్పియర్‌మన్ అను మనస్తత్త్వ శాస్త్రజ్ఞుడు రెండు ర్యాంకు వరుసల నడుమ గల సహసంబంధమును కొలుచు పద్ధతిని ప్రకటించెను. 1937లో మిల్టన్ ఫ్రీడ్‌మన్ మూడు గాని అంతకంటె ఎక్కువ గాని ఉపచారములను ర్యాంకులతో పోల్చు పరీక్షను ఇచ్చెను. అర్థశాస్త్రమున 1976లో నోబెల్ బహుమానము పొందిన ఫ్రీడ్‌మన్ ఈయనయే. 1938లో మారిస్ కెండాల్ మరియొక సహసంబంధ కొలతను ప్రవేశపెట్టెను. అప్పటికిని ర్యాంకు పద్ధతులను చాలమంది ముతక పనిముట్లుగానే తలచుచుండిరి. 1908లో గాసెట్ అను రసాయన శాస్త్రజ్ఞుడు ‘స్టూడెంట్’ అను మారుపేరుతో ప్రకటించిన టి-పరీక్షయే ప్రయోగశాలలలో రాజ్యము చేయుచుండెను.

1945వ సంవత్సరము

ఈ చరిత్రలో 1945 ముఖ్యమైన సంవత్సరము. ఆ యేడు ఫ్రాంక్ విల్కాక్సన్ నాలుగు పుటల చిన్న వ్యాసమును ప్రకటించెను. ఆయన వృత్తిచేత సాంఖ్యక శాస్త్రజ్ఞుడు కాడు. అమెరికన్ సయనమిడ్ సంస్థలో క్రిమినాశక, శిలీంధ్రనాశక ద్రవ్యములపై పరిశోధనము చేయు రసాయన శాస్త్రజ్ఞుడు. చేతితో లెక్కలు కట్టు ఆ దినములలో ప్రతి ప్రయోగమునకు వర్గములు, వర్గమూలములు వేయుట శ్రమతో కూడిన పని. రెండు గుంపుల సంఖ్యలను కలిపి ర్యాంకులు వేసి, ఒక గుంపు ర్యాంకులను కూడినచో చాలునని విల్కాక్సన్ చూపెను. జంటలుగా ఉన్న సంఖ్యలకు గుర్తుతో కూడిన ర్యాంకుల పరీక్షను సైతము ఆ వ్యాసముననే ఇచ్చెను.

1947లో ఒహాయో రాష్ట్ర విశ్వవిద్యాలయమునకు చెందిన హెన్రీ మాన్, ఆయన శిష్యుడు డొనాల్డ్ విట్నీ ఇదే పరీక్షను వేరొక దారిలో చేరిరి. మొదటి గుంపులోని ప్రతి సంఖ్యను రెండవ గుంపులోని ప్రతి సంఖ్యతో పోల్చి, ఎన్ని జంటలలో మొదటిది గెలిచినదో లెక్కించుట వారి పద్ధతి. దీనికి వారు ‘యు’ అని పేరిడిరి. ర్యాంకుల మొత్తము, యు పైకి వేరుగా కనబడినను, ఒక స్థిరసంఖ్యను తీసివేసినచో రెండును ఒకటియే. కాని ఒకే పరీక్షకు రెండు పేర్లు, రెండు సంఖ్యలు ఏర్పడినవి. నేటి గందరగోళమునకు మొదటి బీజము ఇదియే.

అదే 1945లో హెన్రీ మాన్ కాలక్రమమున వచ్చు సంఖ్యల ప్రవృత్తిని పరీక్షించు పద్ధతిని కూడ ప్రకటించెను. ఆ సంవత్సరముననే కలకత్తా గణిత సంఘపు పత్రికలో కల్యంపూడి రాధాకృష్ణారావు తమ ప్రసిద్ధ వ్యాసమును వెలువరించిరి. అంచనాల విస్తృతి ఎంతకంటె తగ్గజాలదో తెలుపు క్రామర్–రావు అసమత అందులోనిదే. ఆయన 1920లో నాటి బళ్లారి జిల్లాలోని హూవిన హడగళిలో పుట్టిన తెలుగువాడు. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము చదివి, మహలనోబిస్ స్థాపించిన భారత సాంఖ్యక సంస్థలో చేరెను. 2023లో 102 ఏండ్ల వయస్సున కీర్తిశేషుడయ్యెను.

ఒక చిన్న ఉదాహరణము

పరీక్ష పనిచేయు తీరును తెలిసికొనుటకు ఒక ఊహాజనితమైన ఉదాహరణమును తీసికొందము. ఒక మెట్ట పొలమున అయిదు మడులలో పాత కొర్ర రకమును, అయిదు మడులలో కొత్త రకమును వేసిరనుకొందము. పాత రకపు దిగుబడులు 41, 46, 52, 60, 67 కిలోలు. కొత్త రకపు దిగుబడులు 57, 63, 71, 78, 140 కిలోలు. చివరి మడికి చెరువుకట్ట ఊట తగిలినదనుకొనవచ్చును.

పది సంఖ్యలను కలిపి ర్యాంకులు వేసినచో పాత రకమునకు 1, 2, 3, 5, 7 వచ్చును, మొత్తము 18. కొత్త రకమునకు 4, 6, 8, 9, 10 వచ్చును, మొత్తము 37. మాన్, విట్నీల దారిలో చూచినచో ఇరువది అయిదు జంటలలో పాత రకము మూడింట, కొత్త రకము ఇరువది రెండింట గెలిచినవి.

రెండు రకములకు భేదమే లేదనుకొందము. దీనిని శూన్య పరికల్పన అందురు. అప్పుడు పది ర్యాంకులలో ఏ అయిదైనను పాత రకమునకు రావచ్చును. అట్టి ఏర్పాటులు మొత్తము 252. వానిలో మొత్తము 18 గాని అంతకు తక్కువ గాని అగునవి ఏడు మాత్రమే: 15 వచ్చునది ఒకటి, 16 వచ్చునది ఒకటి, 17 వచ్చునవి రెండు, 18 వచ్చునవి మూడు. రెండవ వైపున కూడ అంతే వింతగా ఉండునవి మరి ఏడు. కనుక కేవలము యాదృచ్ఛికముగా ఇంత భేదము గాని అంతకు మించినది గాని కనబడు సంభావ్యత 252లో 14 వంతులు, అనగా 0.0556. దీనినే పి-విలువ అందురు. ఇది 0.05 కంటె తక్కువైనచో భేదము సార్థకమని చెప్పు ఆచారము చాలకాలముగా ఉన్నది.

ఇదే లెక్కను టి-పరీక్షతో చేసి చూతము. కొత్త రకపు చివరి దిగుబడి 140 గాక 85 అయి ఉన్నచో టి విలువ 2.56 వచ్చును. ఈ పరిమాణపు ప్రయోగమునకు అవసరమైన హద్దు 2.306 గనుక భేదము సార్థకమే. అదే సంఖ్య 140 అయినచో టి విలువ 1.82కు దిగిపోవును. కొత్త రకము ఇంకను ఎక్కువ పండినందువలన దాని గెలుపు రుజువు కాకుండ పోయినది! పెద్ద సంఖ్య సగటును పెంచినను, చెదరుదలను అంతకంటె ఎక్కువగా పెంచుటయే దీనికి కారణము. ర్యాంకు పరీక్షకు మాత్రము 85 అయినను 140 అయినను పదవ ర్యాంకే.

ర్యాంకులు వేయుటవలన సమాచారము పోదా అని సందేహము కలుగును. 1948లో పిట్మన్ ఇచ్చిన ఉపన్యాసములతో ఈ సందేహమునకు సమాధానము దొరికినది. సంఖ్యలు సామాన్య విభాజనమునకు చెందినవే అయినను, టి-పరీక్షతో పోల్చినచో విల్కాక్సన్ పరీక్ష సామర్థ్యము 0.955. అనగా పోగొట్టుకొనునది నూటికి అయిదు వంతులలోపే. విభాజనము ఎట్టిదైనను ఈ సామర్థ్యము 0.864 కంటె తగ్గదని 1956లో హాడ్జెస్, లేమన్ నిరూపించిరి. పెద్ద సంఖ్యలు అప్పుడప్పుడు దూకు విభాజనములలో అది 1ని చాల మించిపోవును. ముతక పనిముట్లని తలచినవి మంచి పనిముట్లని ఆ విధముగా తేలినది.

పట్టికల నుండి కంప్యూటరులకు

మొదటి దినములలో పి-విలువను అచ్చుపట్టికలలో చూచుకొనెడివారు. చిన్న ప్రయోగములకు పట్టికలు చాలును. గుంపులు పెరిగినకొలది ఏర్పాటుల సంఖ్య విపరీతముగా పెరుగును. ఇరువదేసి మడుల రెండు గుంపులకు ఏర్పాటులు పదమూడు వేల కోట్లను దాటును. అందుచేత పెద్ద ప్రయోగములకు సామాన్య విభాజనముతో ఉజ్జాయింపు వేయుట ఆచారమైనది. మన ఉదాహరణమున యు సగటు 12.5, ప్రామాణిక విచలనము 4.787. కనబడిన యు 3 గనుక సగటునుండి దూరము 9.5. దానిని 4.787 చేత భాగించి పట్టికలో చూచినచో పి-విలువ 0.0472 వచ్చును.

ఇక్కడ మరియొక చిక్కు కలదు. యు విలువలు 3, 4, 5 అని మెట్లు మెట్లుగా వచ్చును. సామాన్య వక్రము అవిచ్ఛిన్నమైనది. మెట్లను వాలుగా మార్చునప్పుడు అర మెట్టు సవరింపవలెనని కొందరు చెప్పుదురు. దీనికి అవిచ్ఛిన్నతా సవరణ అని పేరు. అట్లు సవరించినచో దూరము 9 అగును, పి-విలువ 0.0601 వచ్చును.

ఇప్పుడు మూడు సమాధానములు వచ్చినవి: యథార్థ గణనమున 0.0556, సవరణ లేని ఉజ్జాయింపున 0.0472, సవరణతో కూడిన ఉజ్జాయింపున 0.0601. ఆచారపు హద్దు 0.05. రెండవ సమాధానము చూచినవారు కొత్త కొర్ర గెలిచినదందురు. తక్కిన రెండింటిని చూచినవారు ఇంకను రుజువు కాలేదందురు. మడులు అవే, కొర్రలు అవే.

సాఫ్టువేరుల చరిత్రను చూచినచో ఈ మూడు మార్గములును వానిలో స్థిరపడిన విధము తెలియును. 1968లో స్టాన్‌ఫర్డ్ విశ్వవిద్యాలయమున ఎస్.పి.ఎస్.ఎస్. వెలువడినది. ఉత్తర కెరొలీనాలో 1966 నుండి తయారగుచు వచ్చిన ఎస్.ఏ.ఎస్. 1976లో ప్రత్యేక సంస్థ అయినది. న్యూజీలండులోని ఆక్లండు విశ్వవిద్యాలయమున రాస్ ఇహాకా, రాబర్ట్ జెంటిల్‌మన్ 1990ల తొలి సంవత్సరములలో రూపొందించిన ఆర్ అను భాష మొదటి పూర్ణ సంచిక 2000లో వెలువడినది. ఎస్.పి.ఎస్.ఎస్. సవరణ లేని ఉజ్జాయింపును చూపి, చిన్న ప్రయోగములకు యథార్థ విలువను ప్రక్కన పెట్టును. ఎస్.ఏ.ఎస్. ప్రత్యేకముగా కోరనిచో సవరణతో కూడిన ఉజ్జాయింపును ఇచ్చును. ఆర్ భాషలో చిరకాలముగా ఉన్న నియమము ప్రకారము, గుంపులు ఏబదికి లోబడి, సమాన సంఖ్యలు లేనప్పుడు యథార్థ గణనము జరుగును; లేనిచో సవరణతో కూడిన ఉజ్జాయింపు వచ్చును.

పరీక్షాంకము కూడ ఒకటిగా ఉండదు. మన ఉదాహరణమునకు ఒకచోట 3, ఒకచోట 22, మరియొకచోట 18 లేక 37 అని కనబడవచ్చును. ఇవి అన్నియు సరియైనవే. అర్థము ఒకటియే, వేషములు వేరు. ఆర్ భాషలో ఈ సంఖ్యకు డబ్ల్యు అని పేరున్నను, అక్కడ లెక్కింపబడునది మాన్, విట్నీల యు.

ఏక పార్శ్వమా, ద్వి పార్శ్వమా అనునది ఇంకొక భేదము. పైథాన్ భాషలో వాడు సైపై అను భాండాగారమున 2021లో 1.7వ సంచిక వచ్చువరకు ఈ పరీక్షకు ఏమియు కోరనిచో ద్వి పార్శ్వ విలువలో సగము వచ్చుచుండెను. అనగా మన ఉదాహరణమునకు సుమారు 0.03. ఆ తరువాతి సంచికలలో ద్వి పార్శ్వ విలువయే వచ్చును. అదే ఆజ్ఞను పాత కంప్యూటరులో ఒకరును, కొత్త కంప్యూటరులో మరియొకరును ఇచ్చినచో సమాధానములు కలియవు.

2000లో బెర్గ్‌మన్, లడ్‌బ్రూక్, స్పూరెన్ అను మువ్వురు పరిశోధకులు ఒకే చిన్న ప్రయోగపు సంఖ్యలను పదునొకండు సాఫ్టువేరులకు ఇచ్చి చూచిరి. సమాధానములు ఏకీభవింపలేదు. కొన్ని యథార్థ గణనమును అసలే చేయలేదు. సమాన సంఖ్యలున్నప్పుడు కొన్నింటి లెక్క సరిగా లేదు. పెద్ద లెక్కలకు సైతము యథార్థ విలువను రాబట్టు మార్గమును అభివృద్ధి పరచినవారిలో భారతదేశమునుండి వెళ్లిన సైరస్ మెహతా, నితిన్ పటేల్ ముఖ్యులు. ఏర్పాటులనన్నిటిని ఒక్కొక్కటిగా లెక్కింపక, వలవలె అల్లి లెక్కించు వారి పద్ధతి 1983లో ప్రకటింపబడినది.

మెట్ట సీమలో సున్నల సమస్య

ఇంతవరకు చెప్పిన చిక్కులు ఏ దేశమునకైనను సమానమే. కర్నూలు, కడపల వంటి మెట్ట సీమలకు ప్రత్యేకమైన చిక్కు ఒకటి కలదు. అది సున్న. జనవరి, ఫిబ్రవరి, మార్చి మాసములలో ఇక్కడ పలు సంవత్సరములు వర్షమాపకమున చుక్క పడదు. నెలవారీ లెక్కలో వరుసగా సున్నలు కనబడును. ర్యాంకు వేయువానికి సున్నలన్నియు సమానము. ఏది ముందు, ఏది వెనుక?

సమాన సంఖ్యలకు నడిమి ర్యాంకును ఇచ్చుట ఆచారము. నాలుగు, అయిదు స్థానములలో ఒకే సంఖ్య ఉన్నచో రెండింటికిని 4.5 వేయుదురు. అప్పుడు పాత 252 ఏర్పాటుల పట్టిక ఉన్నది ఉన్నట్లు పనికిరాదు. ఆ సంఖ్యలకే ప్రత్యేకముగా మరల లెక్కింపవలెను. ఉజ్జాయింపు వేయువారు విస్తృతిని తగ్గింపవలెను. ఈ సవరణ చేయని సాఫ్టువేరు అసలుకంటె పెద్ద పి-విలువను చూపి, ఉన్న భేదమును కప్పిపుచ్చును.

జంటలుగా పోల్చునప్పుడు ఈ చిక్కు మరింత స్పష్టము. రెండు వర్షమాపక కేంద్రముల మధ్య భేదములు ఏడు సంవత్సరములకు 0, 0, 4, 9, రుణ 13, 21, 30 మిల్లీమీటర్లని ఊహింతము. విల్కాక్సన్ పద్ధతిలో సున్నలను తీసివేసి మిగిలిన అయిదింటికి 1 నుండి 5 వరకు ర్యాంకులు వేయుదురు. రుణ సంఖ్యకు 3 వచ్చును. 32 గుర్తుల ఏర్పాటులలో మొత్తము 3 దాటనివి అయిదు. ద్వి పార్శ్వ పి-విలువ 0.3125. 1959లో ప్రాట్ అను శాస్త్రజ్ఞుడు వేరు దారి చూపెను. సున్నలకు కూడ ర్యాంకులు వేసి, ఆ పిమ్మట వానిని విడువవలెనని ఆయన మతము. అప్పుడు మిగిలినవానికి 3 నుండి 7 వరకు ర్యాంకులు వచ్చును. రుణ సంఖ్యకు 5 వచ్చును. 32 ఏర్పాటులలో 5 దాటనివి నాలుగు. పి-విలువ 0.25. రెండును తప్పులు కావు. సున్న అనగా ‘సమాచారము లేదు’ అని ఒకరు, ‘భేదము లేదను సమాచారమే’ అని ఒకరు గ్రహించిరి. వాన పడని నెలను కరవు సీమలో సమాచారము లేని నెలయని చెప్పుట ఎవరికిని సమ్మతము కాదు. ఏ పద్ధతిని తీసికొనవలెనో సంఖ్యల అర్థమును ఎరిగినవారే నిర్ణయింపవలెను, యంత్రము నిర్ణయింపజాలదు.

వానలు తగ్గుచున్నవా?

1876 నుండి 1878 వరకు దక్షిణ దేశమును పీడించిన క్షామమును తెలుగువారు ధాత కరువు అనిరి. కర్నూలు, కడప, బళ్లారి సీమలు దానికి ఘోరముగా బలియైనవి. 1871, 1881 జనాభా లెక్కలను పోల్చినచో కర్నూలు జిల్లా జనసంఖ్య ఎంతో తగ్గినట్లు కనబడును. క్షామమునకు ఒక యేడు ముందు, 1875లో, భారత వాతావరణ శాఖ ఏర్పడియుండెను. 1871 నుండి దేశపు నెలవారీ వర్షపు లెక్కలను, 306 కేంద్రముల ఆధారముతో, పుణేలోని ఉష్ణమండల వాతావరణ సంస్థకు చెందిన పార్థసారథి, ఆయన సహచరులు క్రమపరచిరి. రాయలసీమ అందులో ఒక ప్రత్యేక విభాగము.

ఇట్టి దీర్ఘమైన వరుసలో వాన పెరుగుచున్నదా, తగ్గుచున్నదా అని అడుగుటకు మాన్–కెండాల్ పరీక్షను వాడుదురు. ప్రతి సంవత్సరమును దాని తరువాతి ప్రతి సంవత్సరముతో పోల్చి, తరువాతిది ఎక్కువైనచో +1, తక్కువైనచో -1 వేసి కూడుదురు. పది సంవత్సరములకు 45 జంటలు. 150 సంవత్సరములకు 11,175 జంటలు. తగ్గుదల ఏటికి ఎంత అని తెలుపు వాలును 1968లో ప్రణబ్ కుమార్ సేన్ ప్రకటించిన పద్ధతితో కట్టుదురు.

ఇక్కడను సాఫ్టువేరులు విడిపోవును. మొత్తమునుండి ఒకటి తీసి సవరించునవి కొన్ని, సవరింపనివి కొన్ని. సమాన సంఖ్యలను గమనించునవి కొన్ని, గమనింపనివి కొన్ని. వీనికంటె పెద్ద భేదము మరియొకటి కలదు. పరీక్షలోని పి-విలువ ఒక యేటి వానకును మరుసటి యేటి వానకును సంబంధము లేదను ఊహపై నిలిచినది. వానలు మాటకు ఆ ఊహను పాటించినను, చెరువు నీటిమట్టము, భూగర్భజలము పాటింపవు. నిరుడు ఇంకిన నీరు ఈ యేటి బావిలో కనబడును. అట్టి సంబంధము ఉన్నప్పుడు సాధారణ పరీక్ష లేని ప్రవృత్తిని ఉన్నదని చెప్పును. దీనికి సవరణను 1998లో పర్డ్యూ విశ్వవిద్యాలయపు హమేద్, రామచంద్రరావు ప్రకటించిరి. ఆ సవరణను చేసిన సాఫ్టువేరును, చేయని దానిని ప్రక్కప్రక్కన పెట్టినచో బావుల విషయమున రెండు విరుద్ధమైన తీర్పులు రావచ్చును. ఒకదానిని నమ్మి బోరుబావులను నిషేధింపవచ్చును. మరియొకదానిని నమ్మి ఇంకను త్రవ్వించవచ్చును.

పోరుమామిళ్ల

కడప జిల్లాలోని పోరుమామిళ్లకు ఈ చరిత్రలో రెండు విధముల స్థానము కలదు. అక్కడి పెద్ద చెరువును విజయనగర రాజకుమారుడు భాస్కరుడు త్రవ్వించెను. 1369 నాటి శాసనము ప్రకారము దినమునకు వేయిమంది కూలీలు, నూరు బండ్లు రెండు సంవత్సరములు పనిచేసిరి. మంచి చెరువునకు పండ్రెండు అంగములు, ఆరు దోషములు ఆ శాసనము పేర్కొన్నది. నీరు తక్కువై భూమి ఎక్కువగుట ఒక దోషము. భూమి తక్కువై నీరు ఎక్కువగుట మరియొక దోషము. ఎన్ని ఘనపుటడుగులు అని కాక, ఏది ఎక్కువ, ఏది తక్కువ అని చూచు ఈ దృష్టి ర్యాంకు పరీక్షల దృష్టికి దగ్గరి చుట్టము.

అదే పోరుమామిళ్లలో 1942లో భాగవతుల లక్ష్మీ సూర్య ప్రకాశరావు పుట్టిరి. ఆంధ్ర విశ్వకళాపరిషత్తులో గణితము, కలకత్తాలోని భారత సాంఖ్యక సంస్థలో సాంఖ్యక శాస్త్రము చదివి, 1966లో అమెరికాలోని మిషిగన్ రాష్ట్ర విశ్వవిద్యాలయమున డాక్టరేటు పొందిరి. విభాజనపు ఆకారమును పరామితులు లేకుండ అంచనా వేయు విషయమున ఆయన కృషి ప్రసిద్ధము. ఆ విషయముపై ఆయన గ్రంథము 1983లో వెలువడినది. 1982లో శాంతి స్వరూప్ భట్నాగర్ బహుమానము పొంది, 1992 నుండి 1995 వరకు భారత సాంఖ్యక సంస్థకు సంచాలక బాధ్యతలు వహించిరి. మరియొక తెలుగు శాస్త్రజ్ఞుడు జమ్మలమడక శ్రీనివాసరావు, ర్యాంకులు పనిచేయని చోటున పనిచేయు పరీక్షను రూపొందించిరి. గాలి వీచు దిక్కులకు వరుస లేదు. ఉత్తరమునుండి బయలుదేరి చుట్టి వచ్చినచో మరల ఉత్తరమే. అట్టి వృత్తాకారపు లెక్కలకు బిందువుల నడుమ గల ఎడములను చూచు ఆయన పరీక్ష ఆయన పేరుననే పిలువబడుచున్నది.

పాటింపదగినవి

సాఫ్టువేరుల భేదములను చూచి ర్యాంకు పరీక్షలను విడిచిపెట్టనక్కర లేదు. ఏ సాఫ్టువేరును, దానిలో ఏ సంచికను వాడినదియు వ్రాయవలెను. విలువ యథార్థమా, ఉజ్జాయింపా. అవిచ్ఛిన్నతా సవరణ చేసినదా, లేదా. పరీక్ష ఏక పార్శ్వమా, ద్వి పార్శ్వమా. సమాన సంఖ్యలను, సున్నలను ఏమి చేసినది అను విషయములను తెలుపవలెను. ఇవి సంఖ్యలను చూడకముందే నిర్ణయించుకొనవలసినవి. సమాధానములు వచ్చిన పిమ్మట నచ్చినదానిని ఏరుకొన్నచో అది పరీక్ష కాదు. కొత్త సాఫ్టువేరు చేతికి వచ్చినప్పుడు, 252 ఏర్పాటుల వంటి చేతిలెక్కతో దానిని మొదట పరీక్షించుకొనుట మంచిది.

0.05ను గోడగా తలచుటయు తగదు. 2016లో అమెరికన్ సాంఖ్యక సంఘము ఈ విషయమున హెచ్చరిక చేసినది. మన ఉదాహరణమున 0.0472, 0.0601 అను సంఖ్యలు నిజమునకు ఒకే మాట చెప్పుచున్నవి: సాక్ష్యము కొంత కలదు, చాలినంత లేదు, వచ్చే కారున మరికొన్ని మడులు వేసి చూడవలెను. అంతకంటె ముఖ్యముగా, ఎంత భేదమో చెప్పవలెను. ఇరువది అయిదు జంటల భేదములను వరుసగా పేర్చి నడిమిదానిని తీసికొన్నచో, హాడ్జెస్, లేమన్ పద్ధతి ప్రకారము, కొత్త రకము మడికి 18 కిలోలు ఎక్కువ పండినట్లు వచ్చును. చెరువు ఊట తగిలిన మడిలో 140 పండినను, 85 పండినను ఈ సంఖ్య 18గానే ఉండును. సగటుల భేదము మాత్రము 28.6 నుండి 17.6కు మారును. ఇరువది రెండు జంటలలో కొత్తది గెలిచినది, మూడింట ఓడినది, నడిమి భేదము 18 కిలోలు. ఈ మూడు సంఖ్యలను ఏ సాఫ్టువేరును మార్చజాలదు. విత్తనము కొనుటకు అప్పు చేయబోవు రైతునకు మొదట చెప్పవలసినవి ఇవియే.